జట్టు గెలిచిన ఆదివారాలు

పోయిన ఆదివారం మేనల్లుడి ఇంట్లో అందరం కూర్చుని అమెరికన్ ఫుట్‌బాల్ ఆట చూస్తుండగా, మా జట్టు క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతి నేరుగా వెళ్లి ఎదుటి జట్టువాడి చేతుల్లో పడింది. ఈ ఏడు కూడా మావాళ్లు సీజన్ మధ్యలో క్వార్టర్‌బ్యాక్‌ను మార్చారు, మార్చినా ఓడిపోతూనే ఉన్నారు కాబట్టి అందులో కొత్తేమీ లేదు. కానీ మేనల్లుడి కూతురు, కాలేజీలో చదువుకుంటున్న పిల్ల, సోఫాలోంచి దిగ్గున లేచి, పక్కన వాలుకుర్చీలో ఉన్న తాతవైపు వేలు చూపించి, "తాతా, యూ ఆర్ ద జింక్స్! నువ్వు రూమ్‌లోకి వచ్చాకే ఇలా అవుతోంది. గో సిట్ ఇన్ ద కిచెన్, ప్లీజ్!" అంది. అందరూ నవ్వారు. ఆ తాత మా అన్నయ్య. ఎనభై దాటినవాడు, పోయినేడే మా వదిన పోయింది. ఆయన కూడా నవ్వుతూనే లేచి, చేతికర్ర అందుకుని వంటింటివైపు నడిచాడు. గుమ్మం దగ్గర ఒకసారి ఆగి వెనక్కి చూశాడు. టీవీవైపు చూశాడో నావైపు చూశాడో చెప్పలేను. నేను మాత్రం నవ్వలేదు.

డెబ్బైలలో ఈ దేశం వచ్చిన మాబోటివాళ్లకు ఈ ఆట అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది, కొందరికి ఇప్పటికీ అంతుపట్టలేదు. నాకు మా వారు నేర్పారు. ఆయన న్యూజెర్సీలో ఒక రంగుల కంపెనీలో కెమిస్టు. తోటి ఉద్యోగి ఒకరు తను వెళ్లలేని ఆదివారాల్లో తన టికెట్లు ఇచ్చేవాడు, అలా చిత్తడి నేలల మధ్య కట్టిన ఆ పెద్ద స్టేడియానికి బస్సులో వెళ్లేవాళ్లం, నేను చీరమీద ఓవర్‌కోటు తొడుక్కుని, కాళ్లకు ఆయన ఉన్ని మేజోళ్లు వేసుకుని, చుట్టూ అరుస్తున్నవాళ్లను చూసి మొదట్లో బెదిరిపోయి కూర్చునేదాన్ని. క్వార్టర్‌బ్యాక్ అనేవాడు జట్టుకు మధ్యలో నిలబడి బంతి అందుకుంటాడు. దాన్ని పరుగెత్తేవాడి చేతికివ్వాలా, దూరంగా ఉన్నవాడికి విసరాలా అన్నది క్షణంలో తేల్చుకోవలసింది అతనే. అతని ముందు అయిదుగురు భారీ మనుషులు వరసగా నిలబడి, మీదికి వచ్చేవాళ్లను ఆపుతారు. అందరి కళ్లూ బంతి వెంటే పోతాయి. మా వారు మాత్రం బంతిని చూడవద్దనేవారు, ముందు వరసను చూడు, బంతికి ఏం జరగబోతుందో అక్కడే తెలుస్తుంది అనేవారు. ఆ అలవాటు నాకిప్పటికీ పోలేదు.

అప్పట్లో మా జట్టుకు ఒక పాత క్వార్టర్‌బ్యాక్ ఉండేవాడు. మోకాళ్లు పాడైపోయినవాడు, పరుగెత్తలేడు, కానీ కంగారు పడడు. ముందు వరస కూలిపోయి నలుగురు మీద పడుతున్నా చివరి క్షణం దాకా నిలబడి బంతి విసిరి, ఆ తరువాత కింద పడేవాడు. జనం అతన్ని ఎద్దేవా చేస్తూ అరిచేవారు. వేలమంది ఒక మనిషిని కలిసికట్టుగా అసహ్యించుకుంటే ఆ చప్పుడు ఎలా ఉంటుందో నేను మొదట అక్కడే విన్నాను. మా వారికి అతనంటే ఇష్టం.

ఆయన ఏప్రిల్‌లో పోయారు. పొద్దున్న పనికి బయలుదేరి, వాకిట్లో కారు తలుపు తీస్తూ పడిపోయారు. అంతకన్నా రాయడానికి ఏమీ లేదు. పిల్లలు లేరు. ఎడిసన్‌లో ఉన్న అన్నయ్య వచ్చి నన్నూ, నా సామానునూ, ఆ కారునూ తన ఇంటికి తీసుకుపోయాడు. ఓక్ ట్రీ రోడ్డు మీద ఇప్పుడున్న మన దేశపు దుకాణాలు ఇంకా రాలేదు, పప్పూ చింతపండూ కావాలంటే న్యూయార్క్ దాకా పోవాలి. నాకు ఊరి పబ్లిక్ లైబ్రరీలో పుస్తకాలు వరసలో పెట్టే ఉద్యోగం దొరికింది. వదిన నన్ను బాగానే చూసింది. బోసి నుదుటితో ఉండవద్దని చెప్పి తనే చిన్న నల్లబొట్టు పెట్టింది, ఈ దేశంలో ఎవరడుగుతారు అంది.

ఆదివారం మధ్యాహ్నాలు అన్నయ్య ఇంటికి స్నేహితులు వచ్చేవారు. ఒకాయన ఆసుపత్రిలో మత్తు డాక్టరు, ఇంకొకాయన టెలిఫోన్ పరిశోధనశాలలో ఇంజనీరు. ఇద్దరూ నన్ను చెల్లెమ్మా అనేవారు, మా వారు పోయినప్పుడు నాలుగు రోజులపాటు మాకు వండి తెచ్చిన కుటుంబాలు వాళ్లవి. వంటింటి పక్కన కొన్ని మెట్లు దిగితే కింద పెద్ద గది, అందులో రంగుల టీవీ, నేల నిండా ఒత్తుగా పోగులున్న షాగ్ కార్పెట్. సెప్టెంబరులో ఆటలు మొదలైనప్పుడు నేనూ వెళ్లి ఆ గది మూల స్టూలుమీద కూర్చున్నాను. అయిదు నెలల తరువాత నాకు కూర్చోవాలనిపించిన మొదటి చోటు అది. టీవీలో ఆ పాత క్వార్టర్‌బ్యాక్ తల వంచుకుని మైదానంలోకి నడిచివస్తుంటే, పక్కన మా వారుంటే ఏమనేవారో నాకు తెలుసు కాబట్టి, కాసేపు ఒంటరిగా లేననిపించేది. నేను కోరుకున్నది అంతే, ఆ గదిలో ఆ స్టూలు.

జట్టు వరసగా ఓడిపోయింది. ఒక ఆదివారం నేను వంటింట్లోంచి మిరపకాయ బజ్జీల పళ్లెం తీసుకుని మెట్లు దిగుతుండగా, సరిగ్గా అప్పుడే పాతవాడు విసిరిన బంతి ఎదుటివాడు పట్టుకుని పరుగెత్తాడు. డాక్టరుగారు తలపట్టుకుని, "చెల్లెమ్మా, పోయినసారీ మీరు దిగుతుంటేనే ఇలా అయింది" అన్నారు. ఇంజనీరుగారు నవ్వి, "ఉండండి, టెస్ట్ చేద్దాం. చెల్లెమ్మా, ఓ రెండు నిమిషాలు పైకెళ్లండి, ప్లీజ్. సైన్స్ కోసం" అన్నారు. నేనూ నవ్వుతూనే పైకి వెళ్లాను. వెళ్లిన కాసేపటికి కింద కేకలు, చప్పట్లు. మావాళ్లు బంతిని చివరి గీత దాటించి టచ్‌డౌన్ చేశారు. నేను వంటింట్లోంచి చప్పట్లు కొట్టాను. ఆ రోజు చివరికి జట్టు ఓడిపోయినా ఆ టచ్‌డౌన్‌ను మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

ఆ వారమే కోచ్ పాత క్వార్టర్‌బ్యాక్‌ను పక్కన కూర్చోబెట్టి, కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాణ్ణి దింపుతున్నట్టు ప్రకటించాడు. తరువాతి ఆదివారం ఆట మొదలవకముందే అన్నయ్య వంటింట్లోకి వచ్చి, గ్లాసులు వెతుకుతున్నట్టు అలమర తెరిచి, నావైపు చూడకుండా, "అమ్మా, వాళ్ల సరదా కోసం ఇవాళ నువ్విక్కడే ఉంటావా?" అన్నాడు. ఉంటానన్నాను. జట్టు గెలిచింది. ఆట అయ్యాక ఇంజనీరుగారు కింద గట్టిగా అంటున్న మాటలు నాకు మెట్లమీదుగా వినిపించాయి. "ఒకేసారి రెండు మార్చాం కదండీ, ఏది పనిచేసిందో ఎలా చెప్తాం?" దానికి డాక్టరుగారు, "చెప్పక్కర్లేదు. రెండూ అలాగే ఉంచేద్దాం" అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో మా అన్నయ్య గొంతు నేను గుర్తుపట్టాను.

ఆ ఆటగాడికీ నాకూ పోలిక తెద్దామని నేనిది రాయడం లేదు. అతనికి జీతం ఇచ్చి కూర్చోబెట్టారు, అతను బల్లమీద కూర్చున్నా ఆట కనిపిస్తూనే ఉంటుంది.

అది మొదలు ప్రతి ఆదివారం నేను వంటింట్లో ఉండిపోయాను. వాళ్లందరూ పెద్ద చదువులు చదివినవాళ్లు, రాహుకాలాన్నీ శకునాలనూ ఊళ్లోనే వదిలేసి వచ్చామని చెప్పుకునేవాళ్లు. డాక్టరుగారు ఆలస్యంగా వచ్చి కూర్చున్న వెంటనే జట్టు బంతి పోగొట్టుకున్న రోజులున్నాయి, ఆయన్ను ఎవరూ లేవమనలేదు. నన్నే ఎందుకన్నది ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. అనడానికి తెలుగులో ఉన్న మాట ఎవరి నోటా రాదు, ఇంగ్లీషులో జింక్స్ అంటే అది ఆటలో ఒక భాగం. మా అమ్మ బతికి ఉంటే, శుభమా అని ఎవరైనా బయలుదేరేటప్పుడు ఎదురు రాకే అని తెలుగులోనే చెప్పి ఉండేది, చెప్పి నా పక్కన కూర్చుని ఏడ్చి ఉండేది. వీళ్లు ఇంగ్లీషులో చెప్పి నవ్వారు.

వదిన రేడియో ఒకటి వంటింటి గట్టుమీద ఉండేది. దాన్ని చిన్నగా పెట్టుకుని, ఉల్లిపాయలు తరుగుతూ వినేదాన్ని. ఆట అయ్యాక అన్నయ్య ఖాళీ పళ్లేలతో పైకి వచ్చి, ఎవరు ఎలా ఆడారో, కుర్రవాడు ఎంత దూరం విసిరాడో నాకు పూసగుచ్చినట్టు చెప్పేవాడు. రోగిని చూడవచ్చినవాళ్లు బయటి కబుర్లు చెప్పినట్టు ఉండేది. ఆయన మనసు మంచిది. ఎంత చెప్పినా, వచ్చేవారం కిందికి రా అన్న ఒక్క మాట మాత్రం చెప్పలేదు.

జట్టు గెలుస్తూ పోయింది. పేపర్లన్నీ కుర్రవాణ్ణి పొగిడాయి. నాకు తెలిసిన కారణం వేరు. ముందు వరసలో ఎడమవైపు నిలబడే మనిషి గాయంతో సీజన్ మొదటినుంచీ లేడు, సరిగ్గా కుర్రవాణ్ణి దింపిన వారమే తిరిగి వచ్చాడు. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమపక్కే కనపడని పక్క, అటునుంచి వచ్చేవాణ్ణి ఆపే మనిషి ఉంటే విసరడానికి తీరిక దొరుకుతుంది. పాతవాడికి ఆ తీరిక ఎవరూ ఇవ్వలేదు. ఒకసారి అన్నయ్య నన్ను లైబ్రరీలో దింపుతుంటే ఈ సంగతి చెప్పాను. "నువ్వు టీవీ చూడవు కదమ్మా, నీకెలా తెలుసు?" అన్నాడు. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగాడు. ఎందుకు చూడనో ఆయనకు ఆ క్షణాన గుర్తులేదు.

వాళ్లు గెలవాలని నేనూ కోరుకున్నాను, మా వారి జట్టు అది. కానీ గెలిచిన ప్రతి ఆదివారం ఆ మెట్లు నాకు ఇంకాస్త దూరమయ్యేవి. ఒక విజయం తరువాత డాక్టరుగారు వెళ్తూ వెళ్తూ వంటింటి గుమ్మంలోకి తల పెట్టి, "అంతా మీ చలవే చెల్లెమ్మా!" అని దణ్ణం పెట్టి వెళ్లారు. ఆయన ఉద్దేశంలో అది మెచ్చుకోలు.

డిసెంబరులో చివరి ఆట వచ్చింది. గెలిస్తే ప్లేఆఫ్స్ అనే చివరి దశ పోటీలకు వెళ్తారు, మా జట్టు అక్కడికి వెళ్లి ఎన్నో ఏళ్లయింది. బయట మంచూ వానా కలిసి పడుతోంది. కింది గది నిండా మనుషులు, ఆడవాళ్లు కూడా దిగి చూస్తున్నారు, పిల్లలు కార్పెట్‌మీద పడుకుని చూస్తున్నారు. వంటింట్లో నేనూ రేడియో. సగం ఆట గడిచేసరికి మావాళ్లు వెనకబడ్డారు. ఆ తరువాత కుర్రవాడి భుజం విరిగింది, కోచ్ పాతవాణ్ణి పిలిచాడు. అతను మైదానంలోకి వస్తుంటే జనం మళ్లీ ఎద్దేవా మొదలుపెట్టారు. ఒక్క బంతి ఆడకముందే ఆ అరుపు రేడియోలోనూ, కింద టీవీలోనూ ఒకేసారి వినిపించింది.

అప్పుడు వదిన మెట్లెక్కి వచ్చింది. చీరకొంగు చేతిలో నలుపుతూ నిలబడింది. "అమ్మాయ్, ఏమనుకోకు. రేడియో వింటున్నావా? డాక్టరుగారు అంటున్నారు, చూసినా విన్నా ఒకటేనట. జోక్‌గానే అన్నార్లే..." అని, చెయ్యి రేడియోమీద పెట్టింది, తిప్పడానికి మాత్రం మనసొప్పలేదు. నేనే తిప్పి కట్టేశాను. ఆమె నా భుజంమీద చెయ్యి వేసి, కిందినుంచి కేక వినపడగానే ఏమైందోనని గబగబా దిగిపోయింది.

నేను కోటు వేసుకుని బయటికి వచ్చి వాకిట్లో ఉన్న కారులో కూర్చున్నాను. మా వారి కారు అది. ఇంజను వేసి, రేడియో పెట్టాను. అద్దాల మీద మంచు పేరుకుని బయట ఏమీ కనపడటం లేదు. పాతవాడు చిన్న చిన్న బంతులు విసురుతూ, కుంటుకుంటూ జట్టును ముందుకు తీసుకొస్తున్నాడు, ఎద్దేవా చేసినవాళ్లే ఇప్పుడు అతని పేరు అరుస్తున్నారు. ఇంకొక్క టచ్‌డౌన్ చేస్తే గెలుపు. గీత దగ్గరికి వచ్చేశారు. అతను విసరడానికి చెయ్యెత్తాడనీ, ఎడమవైపు నుంచి ఎవరో వచ్చి గుద్దారనీ, బంతి జారిపోయిందనీ, ఎదుటివాడు దానిమీద పడ్డాడనీ రేడియోలో మనిషి ఒక్క గుక్కలో చెప్పాడు. ఆట అయిపోయింది.

నాకు నవ్వొచ్చింది. ఆయన ప్రాణంగా చూసుకున్న జట్టు, ఆయన మెచ్చిన మనిషి చేతుల్లో ఓడిపోతే, ఆయన కారులో కూర్చుని నేను సంతోషంగా నవ్వాను. ఆయన పోయిన తరువాత నేను మనసారా నవ్వడం అదే మొదలు. నా దగ్గర ఇంకా ఏది మిగిలిందనుకున్నానో అది కూడా ఆ వంటింట్లో పోయిందని అప్పుడు తెలిసింది.

లోపలికి వచ్చేసరికి అందరూ కోట్లు తొడుక్కుంటున్నారు. కోటుమీద మంచుతో నన్ను చూసి అన్నయ్య, "ఎక్కడికెళ్లావమ్మా ఈ వానలో?" అన్నాడు.

"ఎక్కడికీ వెళ్లలేదు. కారులో కూర్చుని రేడియో విన్నాను" అన్నాను.

 ఇంజనీరుగారు అరచెయ్యి నుదుటికి కొట్టుకుని, "అదన్నమాట లీకేజ్!" అన్నారు. గది గొల్లున నవ్వింది. మధ్యాహ్నం నుంచీ బిగుసుకుపోయిన ముఖాలన్నీ విప్పారాయి. ఎందుకు ఓడిపోయారో తెలిసింది కదా మరి. మా అన్నయ్య కూడా నవ్వాడు, అందరికన్నా కాస్త ఆలస్యంగా.

మర్నాడు లైబ్రరీకి వచ్చిన పేపర్లలో ఆ బంతి జారిన ఫొటో వేశారు, పైన పెద్ద అక్షరాలతో పాతవాణ్ణి తిట్టారు. ఫొటోలో బంతి అందరికీ కనిపిస్తుంది. దానికి కాస్త ఎడమగా, ఆపవలసిన మనిషి మోకాళ్లమీద పడి ఉన్నాడు. అతని గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. వసంతంలో జట్టు పాతవాణ్ణి వదిలేసింది, అతన్ని ఇంకే జట్టూ తీసుకోలేదు. నేను లైబ్రరీ దగ్గర ఒక చిన్న అపార్ట్‌మెంట్ చూసుకున్నాను. అన్నయ్యకు కష్టమనిపించింది. "నిన్నెవరైనా ఏమైనా అన్నారా?" అని పదేపదే అడిగాడు. ఎవరూ ఏమీ అనలేదని చెప్పాను. అది నిజం.

ఆ అపార్ట్‌మెంట్‌లో ఒక చిన్న టీవీ కొనుక్కుని ఎనభైలన్నీ అక్కడే చూశాను. జట్టు మెల్లగా బాగుపడింది, ఒక ఏడాది ఎదురులేకుండా గెలిచింది. ఛాంపియన్లెవరో తేల్చే ఆ పెద్ద ఆట గెలిచిన సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు, వెనక డాక్టరుగారి కేకలు వినిపిస్తున్నాయి. "చూశావా?" అన్నాడు. మొదటినుంచి చివరిదాకా కుర్చీలోంచి లేవకుండా చూశానని చెప్పాను, ఆ మాట చెప్పడానికి నేను ఎన్నాళ్లనుంచి కాచుకుని ఉన్నానో ఆయనకు తెలియదు. అన్నయ్య ఎంతో ప్రేమగా, "మీ ఇంట్లో కదమ్మా, ఏం పరవాలేదు" అన్నాడు.

పోయిన ఆదివారం ఇదంతా గుర్తొచ్చి కాసేపు కూర్చోలేక, మంచినీళ్ల వంక పెట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. అన్నయ్య బల్ల దగ్గర కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "ఏమవుతోంది?" అన్నాడు. చెప్పాను. ఎవరు ఎలా ఆడుతున్నారో, కొత్త క్వార్టర్‌బ్యాక్ ఎక్కడ తడబడుతున్నాడో, ముందు వరసలో ఎవరు ఆగలేకపోతున్నారో, నిలబడే అంతా వివరంగా చెప్పాను. వింటూ వింటూ ఆయన తల దించుకున్నాడు. "నేనూ ఇలాగే వచ్చి చెప్పేవాణ్ణి కదూ" అన్నాడు. అవునన్నాను.  వదిన పోయాక ఆయన ఎన్నో పెళ్లిళ్లకు వెళ్లాడు, ముందు వరసలో కూర్చోబెట్టారు, అక్షింతలు వేయించుకున్నారు. మగవాడికి ఆ లోటు అంటదు. ఆ పిల్ల వెళ్లమన్నప్పుడు ఆయన నవ్వుతూ లేవగలిగింది అందుకే. ఆ పిల్ల అన్న మాట వెనక ఇంకో మాట లేదు, పది నిమిషాల తరువాత అది కుక్కపిల్లనైనా అంటుంది, తన చొక్కానైనా అంటుంది.

అనుకున్నంతా అయింది. ముందు గదిలో పెద్ద నిట్టూర్పు వినిపించింది, ఎదుటి జట్టు మళ్లీ స్కోరు చేసింది. మనవరాలు వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి తాత చెయ్యి పట్టుకుని లేపింది.

"తాతా, వచ్చేయ్! నువ్వు లేకపోయినా లూజ్ అవుతున్నాం!"

అన్నయ్య ఆమె భుజం పట్టుకుని లేచి నావైపు చూశాడు. నేను గ్లాసు కడిగి బోర్లించాను. ఒక సీజనంతా మెట్లకు ఇవతల ఉండి నేను ఎదురుచూసింది ఆ మాట కోసమే. ఆ డిసెంబరులో వాళ్లు నేను లేకుండా ఓడిపోతున్నప్పుడు వదిన మెట్లెక్కి వస్తున్న చప్పుడు వినగానే, నన్ను కిందికి పిలవడానికే వస్తోందనుకుని చేతులు తుడుచుకున్నాను.